పలకని ఇంటి మాట

ఇంగ్లండులో నేనుండే హాస్టల్ మెట్ల కింద ఒక నల్ల ఫోన్ ఉంది. నాణెం మింగితే తప్ప పలకదు. దాని ముందు వరసలో నిలబడి, నా ముందున్న పిల్ల ఎప్పుడు మాట్లాడడం ఆపుతుందా అని పళ్ళు కొరుక్కునేటప్పుడల్లా రాజపాళయంలో మా తాత హాలులో ఉన్న ఫోన్ గుర్తొస్తుంది. ఆ ఫోన్‌లో నేనొక రోజు ఒళ్ళు మండి అరవకపోయి ఉంటే, ఇక్కడ ఈ మెట్ల కింద నిలబడి పళ్ళు కొరుక్కునే భాగ్యం నాకు దక్కేది కాదు.

నేను పుట్టి పెరిగింది మద్రాసులో. నాన్న ఉద్యోగం వల్ల మా ఇంట్లో ఫోన్ ఉండేది. తలుపు కొట్టి పిలవాల్సిన స్నేహితురాలిని కూడా ఫోన్ చేసి పిలిచే అలవాటు నాది. బి.ఎస్సీ. ఫిజిక్స్ అయ్యాక నూలు గురించి, దారపు పోగుల బలం గురించి పైచదువు చదవాలని పట్టుపట్టాను. ఆ చదువు బాగా చెప్పేవి ఇంగ్లండు ఉత్తరాన రెండు యూనివర్సిటీలూ, స్కాట్లండులో ఒకటీ ఉన్నాయని మా ప్రొఫెసరు చెప్పారు. బయటి దేశాల వాళ్ళకిచ్చే సీట్లు బహు కొద్ది. "మిల్లులో కొన్నాళ్ళు చేతులతో పని చేసి అప్లై చెయ్యి, అప్పుడే నీ మొహం చూస్తారు" అన్నారు.

మిల్లు కోసం వెతకాల్సిన పని లేదు. మా అమ్మ పుట్టిల్లు రాజపాళయం, తమిళ దేశంలో తెలుగువాళ్ళు ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఊరు. తాతకు నూలు మిల్లు ఉంది. అమ్మ తమ్ముడు, అంటే మా మామ, అందులో స్పిన్నింగ్ మాస్టరు. అలా పెట్టె సర్దుకుని, రాత్రి రైలెక్కి ఆ ఊరికి వచ్చి పడ్డాను.

తాత ఒప్పుకున్నాడు కానీ ఒక మాట తీసుకున్నాడు. "ఈ ఏడు నీ ఇష్టం. సీటు వచ్చిందా, పో. రాలేదా, అప్పురం ఇంక ఆ చదువు మాట ఎత్తకూడదు. ఈ చుట్టుపక్కలనే మంచి ఇల్లు చూసి పెండ్లి చేస్తాను. సరేనా?"

సరే అన్నాను. నాకు అప్పుడు సీటు రాదన్న ఊహ కూడా లేదు. నాకు రాక ఎవరికి వస్తుంది?

పొద్దున మిల్లులో టెస్టింగ్ రూము, సాయంత్రం ఇంట్లో ఫోన్. టెస్టింగ్ రూములో నా పని, అట్టగొట్టాల్లాంటి కోన్ల మీది నూలు తీసి యంత్రానికి కట్టి ఎంత బరువుకు తెగుతుందో చూడడం, పోగుకు ఎన్ని మెలికలు ఉన్నాయో, అంటే పురి ఎంతో, లెక్కపెట్టడం. ఆ పని నాకు ప్రాణం. ఇంటికి రాగానే చెయ్యి రిసీవర్ మీదికి పోయేది. మద్రాసుకు ట్రంక్ కాల్ బుక్ చేసి, లైను వచ్చేదాకా పొడవాటి తీగ ఈడ్చుకుంటూ ఫోన్ చంకలో పెట్టుకుని హాలంతా తిరిగేదాన్ని. ఎక్స్ఛేంజీలో ఉండే మనిషి నా గొంతు వింటే చాలు నవ్వేవాడు.

"మద్రాసేనా అమ్మా? లైను రాలేదు, కొంచెం వెయిట్ పణ్ణుంగ."

అవ్వ వంటింటి గడపలో కూర్చుని కూర తరుగుతూ చూసేది. "ఏమే, పుట్టినప్పుడు బొడ్డు కోసినారా, లేక ఆ తీగనే కోయకుండా విడిచిపెట్టినారా?"

వానాకాలం మొదట్లో సత్రపట్టి నుంచి మగ్గాలవాళ్ళు నలుగురైదుగురు మిల్లుకు వచ్చి గోల పెట్టారు. మీ నూలు మగ్గం మీద టపటప తెగిపోతోంది, ఇక మీది కొనం అన్నారు. వాళ్ళు తెచ్చిన కోన్లు మామ నా బల్ల మీద పెట్టించాడు. చూస్తే కోన్ల మొన రంగులు రెండు రకాలు. నీలి మొన మాది. ఆకుపచ్చ మొన పక్కమిల్లుది. మగ్గాలవాళ్ళు రెండు మిల్లుల నూలూ ఒకే పడుగులో కలిపి వాడుతున్నారు. నీలి మొన నూలు నిలబడింది. ఆకుపచ్చ మొన నూలుకు పురి చాలడం లేదు. ఒకటికి రెండుసార్లు చేసి చూశాను. అదే జవాబు.

పక్కమిల్లు పెద్దాయన గురించి ఇక్కడ చెప్పాలి. ఆయనా మా తాతా ఒకే వీధిలో ఆడుకుని పెరిగినవాళ్ళు, కలిసి దూది ఫ్యాక్టరీ పెట్టినవాళ్ళు. నేను పుట్టకముందే విడిపోయారు. అప్పటినుంచి రెండు ఇళ్ళకూ మాటల్లేవు. ఆ ఊళ్ళో మాటల్లేకపోవడమంటే తలుపులు వేసుకుని కూర్చోవడం కాదు. దానికో మర్యాద ఉంది. పెళ్ళికి పత్రిక పంపుతారు. వీళ్ళు వెళ్తారు, ఎదురు వరసలో కూర్చుంటారు, భోంచేసి వస్తారు. పలకరు. అంతే.

ఇవన్నీ నాకు అప్పటికి సగం సగమే తెలుసు. తెలిసినా ఆగేదాన్ని కాదేమో. ఎవరో పురి తక్కువ పెట్టి మా మిల్లు పేరు చెడగొడుతున్నారన్న మంటతో ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా రిసీవరెత్తి పక్కమిల్లు ఇవ్వమన్నాను. ఎక్స్ఛేంజీ మనిషి, "ఏ ఇల్లు నుంచి ఏ ఇల్లుకు అడుగుతున్నారో తెలిసే అడుగుతున్నారా అమ్మా?" అన్నాడు. తెలుసు, ఇవ్వమన్నాను.

ఎత్తింది ఆయనే.

"ఎవరు మాట్లాడేది?"

"మీ పక్కమిల్లు టెస్టింగ్ రూము మనిషిని. మీ ఆకుపచ్చ కోన్లలో పురి లేదు. మీ నూలు తెగితే సత్రపట్టివాళ్ళు వచ్చి మమ్మల్ని తిడుతున్నారు. మీ మిల్లులో పురి లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ లేరా? లేకుంటే చెప్పండి, నేను వచ్చి లెక్కపెట్టి పోతాను."

"నువ్వు ఎవరి కూతురు?" అన్నాడు. చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

వెనక్కి తిరిగితే తాత హాలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన మొహం ఎర్రబడింది. "ఇన్నేండ్లు కాపాడుకొని వచ్చినాము. ఒక్క నిమిషంలో ఆ ఇంటితో పలికినావు కదా."

"పలకలేదు తాతా, తిట్టినాను."

"తిట్టేది పలికేదానికంటే ఎక్కువ."

అవ్వ కత్తిపీట పక్కకి పెట్టి అడ్డం వచ్చింది. "ఫోన్ మాట మాటేనా? మనిషి మొహం చూసినదా, గడప తొక్కినదా? తీగలో పోయిన మాట గాలిలో పోయినట్టే. దాన్ని లెక్కలో పెట్టుకోకండి." చివరికి ఆ తీర్పే నిలబడింది. ఫోన్‌లో మాట్లాడితే పలికినట్టు కాదు.

ఇంగ్లండు యూనివర్సిటీల్లో ఒకదానికి అప్పటికే దరఖాస్తు పంపి ఉన్నాను. ప్రొఫెసరు ఒక సిఫారసు ఉత్తరం నేరుగా పంపారు. రెండోది, మిల్లులో నా పని చూసినవాళ్ళు ఎవరైనా రాయాలి. మామ రాశాడు. ఆయన గది తలుపు వేసుకుని ఒక సాయంత్రమంతా కూర్చుని రాసి, తానే అంటించి, తానే పోస్టాఫీసుకు వెళ్ళి వేసి వచ్చాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

పొంగల్ ముగ్గులు ఇంకా వాకిట్లో చెరగకముందే జవాబు వచ్చింది. సీటు ఇవ్వలేదు. ఇవ్వబోమని కూడా అనలేదు. మీ మార్కులు బాగున్నాయి, మీ ప్రొఫెసరుగారు మెచ్చుకున్నారు, అయితే ఇప్పుడే ఒక నిర్ణయానికి రాలేకపోతున్నాము, మీ దరఖాస్తును వసంతంలో మిగతావాటితో కలిపి మళ్ళీ చూస్తాము, ఈలోగా మిల్లులో మీరు చేసిన పని గురించి ఇంకొంచెం నిండుగా చెప్పగలవారెవరైనా రాస్తే సంతోషిస్తాము అని రాశారు.

కాదన్నా నాకు అంత మంట ఉండేది కాదు. కాదంటే ఏడ్చి లేచేదాన్ని. ఇది గుమ్మంలో నిలబెట్టి తలుపు సగం తెరిచి ఉంచడం. మద్రాసుకు కాల్ బుక్ చేసి ప్రొఫెసరును పట్టుకున్నాను. ఆయన ఉత్తరమంతా చదివించుకుని, "మిల్లునుంచి వెళ్ళిన సిఫారసు వాళ్ళకి చప్పగా ఉన్నట్టుంది. ఎవరు రాశారు?" అన్నారు.

మామ దగ్గరికి వెళ్ళాను. ఆయన వాకిట్లో వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"నా గురించి ఏమి రాసినావు మామా?"

"ఉండేది రాసినాను."

"ఉండేది అంటే?"

ఆయన గ్లాసు కింద పెట్టి, కంఠతా వచ్చిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "ఈ పిల్ల చెప్పిన పని చేస్తుంది. తప్పులు లేవని చెప్పలేము. కోపం ఎక్కువ. నేర్పించేవాళ్ళు నేర్పిస్తే నేర్చుకోవచ్చు. అంతే. చక్కగా వచ్చింది, రెండుసార్లు తిరిగి రాసినాను."

"అంతేనా? సత్రపట్టి కోన్ల సంగతి? నేను పెట్టిన తేమ లెక్కలు? నీ టెస్టింగ్ రూమునంతా నేను నడుపుతున్నానని నువ్వే కదా మొన్న అన్నావు?"

"అది ఇంట్లో, వేరే ఎవరూ లేనప్పుడు అన్నది. ఊరుగాని ఊరివాళ్ళకు కాయితం మీద అట్ల రాస్తారా? మన ఇంటి పిల్లను మనమే ఎత్తి రాస్తే వాళ్ళు ఏమి అనుకుంటారు? సరుకు పోవడం లేదు, అందుకే అరుస్తున్నాడు అనుకోరా?"

నేను ఆ రోజు అన్న మాటలు ఇక్కడ రాయను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారని మాత్రం చెబుతాను. అయితే ఇంట్లో ఒక్కరు కూడా నా పక్షం రాలేదు. మామ తప్పు చేశాడని ఎవరికీ అనిపించలేదు. తాత, "వాడు సరిగానే రాసినాడు" అని లోపలికి పోయాడు.

మద్రాసులో పెరిగిన నాకు అప్పుడుగాని ఆ ఊరు తలకెక్కలేదు. అక్కడ తన సొంతమైనదాన్ని ఎవరూ పొగడరు. అవ్వ ఇరవై రకాలు వండి పెట్టి, "ఏదో ఉప్పూ పులుపూ కలిపినాను, ఆకలికి తినండి" అంటుంది. పక్కవీధి ఆయన దగ్గర ఉన్న తెల్ల వేటకుక్క కోసం ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి అడిగేవారు. ఆయన, "ఇది తినేదానికి తప్ప పనికిరాదు" అనేవాడు, ఇచ్చేవాడు కాదు. తాత తోటలోని చప్పట్టై మామిడిపండ్లు ఆ చుట్టుపక్కల పేరుమోసినవి. వాటిని ఎవరికి పంపినా, "పులుపు, పశువులకైనా వెయ్యండి" అని కబురు పంపేవాడు. పుచ్చుకున్నవాడికి తెలుసు, పంపినవాడికి తెలుసు. ఎంత గట్టిగా తీసిపారేస్తే అంత మంచి సరుకు. మామ రాసిన ఉత్తరం ఆ లెక్కన చూస్తే, మా ఇంట్లో ఎవరికీ ఎవరూ ఇవ్వనంత గొప్ప సిఫారసు. దాన్ని చదివే ఇంగ్లీషు మనిషికి ఆ లెక్క ఎవరు చెప్పాలి?

మిగిలిన రెండు యూనివర్సిటీలకు కూడా అప్పుడే దరఖాస్తులు నింపుతున్నాను. వాటికీ మిల్లు సిఫారసు కావాలి. మామను కూర్చోబెట్టి మళ్ళీ రాయించాలని చూశాను. పాపం, ఆయనా ప్రయత్నించాడు. నేను ఎదురుగా కూర్చుని, "చాలా తెలివైనది అని రాయి" అంటే కలం కాయితానికి ఆనించి, చెమట తుడుచుకుని, మళ్ళీ ఎత్తేవాడు.

"తెలివైనది అని రాస్తాను. చాలా ఏమిటికి?"

"చాలా ఉంది కాబట్టి."

"నీకే ఉందని నువ్వే చెప్తున్నావు కదే. సిగ్గుగా లేదా?"

ఒక పూటంతా గడిచాక ఆ కాయితంలో తేలిందేమంటే, కోపం ఎక్కువ అన్న వాక్యం పోయింది. తృప్తిగా పని చేస్తుంది అన్న మాట వచ్చింది. ఆయన మాత్రం తన పరువంతా అందులో పోసినట్టు నీరసపడి కూర్చున్నాడు. ఆ కాయితం చింపి పోగులు పెట్టాను. సాయంత్రం మద్రాసుకు కాల్ బుక్ చేసి, లైను రాకముందే వద్దని చెప్పేశాను. అది నా జన్మలో మొదటిసారి అనుకుంటాను.

అవ్వ చూసింది. కూర తరగడం ఆపి, "ఇట్ల రా" అంది.

పక్కన కూర్చున్నాను.

"ఆ దొరలకు బుద్ధి లేదు" అంది.

"వాళ్ళకు ఏమి తెలుసు అవ్వా?"

"అదే చెప్తున్నాను. పిల్లను పెండ్లికి విచారించేవాళ్ళు పిల్ల ఇంటికే వచ్చి పిల్ల ఎట్ల అని అడుగుతారా? నన్ను విచారించేదానికి మీ తాత ఇంటివాళ్ళు ఎవరి ఇంటికి పోయినారో తెలుసా? మాతో పలకని ఇంటికి. ఆ ఇంటి ఆమెకు మా అమ్మ అంటే ఆగదు. అయినా ఏమి చెప్పింది? ఆ తల్లితో నాకు పడదు, పిల్ల మాత్రం బంగారు, కండ్లు మూసుకొని చేసుకోండి అని చెప్పింది. పలకని ఇంటివాళ్ళు అబద్ధం చెప్పకూడదు. చెడ్డది చెప్తే కడుపుమంట అంటారు, అందుకని ఉండేది ఉండేట్టు చెప్పాలి. మంచిది ఎంత చెప్పినా వాళ్ళకు తగును. మనకే తగదు."

నేను అవ్వ మొహంలోకి చూశాను. అవ్వ మళ్ళీ కత్తిపీట దగ్గరికి లాక్కుంది.

"మనతో పలకని ఇంట్లో నీ పని తెలిసినవాడు ఒకడు ఉన్నాడు కదా" అంది వంకాయ కోస్తూ.

వెళ్ళి ఫోన్ ఎత్తాను. నేను తిట్టిన మనిషిని నేనే అడుక్కోవాలి. అంతకంటే కష్టం, తాత హాలులోనే పత్రిక చదువుతూ కూర్చున్నాడు. అవ్వ నోటితో చెప్పకుండా కళ్ళతోనే ఆయనకు ఏదో చెప్పింది. తాత పత్రిక ఇంకొంచెం పైకెత్తి మొహం కప్పుకున్నాడు.

"నేను ఎవరినీ ఏమీ అడగను" అన్నాడు పత్రిక వెనకనుంచి. "ఎవరైనా తీగలో మాట్లాడుకుంటే నాకు వినపడదు."

పెద్దాయనే ఎత్తాడు. నేను ఎవరో చెప్పాను. దరఖాస్తు సంగతి, ఆగిపోయిన సంగతి, మామ రాసిన సంగతి గబగబా ఒప్పజెప్పాను. క్షమించమని అడగలేదు. పురి తక్కువన్నది నిజం కదా.

ఆయన మొత్తం విని, "మీ మామ ఏమి రాసినాడు, మళ్ళీ చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు. "బాగా రాసినాడు. పావం. కాయితం ఫోన్‌లో రాసిచ్చేదానికి ఆవుతుందా? ఇంటికి రా."

మరునాడు పొద్దున బయటికి వస్తే తాత కారు వాకిట్లో నిలబడి ఉంది, డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు. తాత మెట్ల మీద ఉన్నాడు.

"కారు తీసుకొని పొమ్మని నేను చెప్పలేదు" అన్నాడు. "సుమ్మా, ఊరికే నిలబెట్టినాను."

పెద్దాయన ఇంట్లో హాలు నడుమ పెద్ద ఊయల బల్ల ఉంది. ఆయన దాని మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర ఒక తెల్లకుక్క పడుకుని నన్ను ఒక కంటితో చూసింది. నేను ఊహించుకున్న శత్రువు కంటే ఆయన చాలా పొట్టివాడు.

"కూర్చో. పురి లెక్కపెట్టేదానికి వస్తానని అప్పుడు చెప్పినావు, రాలేదు."

"పిలిస్తే వచ్చి ఉంటాను."

"ఎట్ల పిలిచేది? మనము పలకము కదా." ఆయన ఊయలను కాలితో ఆపాడు. "నువ్వు ఫోన్ చేసినాక నాకు వచ్చిన కోపానికి ఆ కోన్లన్నీ మూట కట్టి కోయంబత్తూరులో నూలు పరీక్ష చేసే చోటికి పంపినాను. నువ్వు తప్పు అని కాయితం తెప్పించి మీ ఇంటి గోడకు అంటించాలని. వాళ్ళు ఏమి రాసినారో తెలుసా? నువ్వు చెప్పిందే రాసినారు. ఆ వారమే మిషన్లు సరిచేసినాను."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మళ్ళీ అదే అడుగుతావు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒళ్ళో పలక లాంటి చెక్క పెట్టుకుని, ఇంగ్లీషులో నెమ్మదిగా రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో వాక్యం రాసి నాకు తెలుగులో చెప్పేవాడు.

"ఈ పిల్ల మా మిల్లులో పని చేసినది కాదు. మా మిల్లుకు పోటీ మిల్లులో పని చేసినది. ఆ ఇంటితో నాకు మాటలు లేవు. అందువల్ల నేను ఈమెను పొగిడేదానికి కారణం ఏమీ లేదు. ఇది రాయనా?"

"రాయండి."

"నా నూలులో తప్పు ఉందని ఈమె కనిపెట్టినది. నాకే ఫోన్ చేసి చెప్పినది. నేను వేరే చోట పరీక్ష చేయించినాను. ఈమె లెక్క సరి, నా మిల్లు తప్పు. ముప్పై ఏండ్లుగా నూలు చేసే నాకు తెలియనిది ఈమెకు తెలిసినది." ఇక్కడ ఆయన ఆగి నావైపు చూశాడు. "కోపం సంగతి రాయనా?"

"మామ ముందే రాసినాడు."

"అతను రాసింది వేరే. ఈమెకు కోపం ఉంది, ఆ కోపం తప్పు నూలు మీద వచ్చేది, మనుషుల మీద కాదు. ఎట్ల ఉంది?"

అది పూర్తిగా నిజం కాదు. అయినా రాయమన్నాను.

చివర ఆయన, "నాకు ఇట్లాంటి పిల్ల ఉంటే ఏ దేశానికైనా పంపుతాను, తిరిగి రమ్మని మాత్రం అడుగుతాను" అని రాశాడు. మూడు ప్రతులు టైపు చేయించి, మూడింటి కింద సంతకం పెట్టి, తన మనిషితోనే పోస్టుకు పంపించాడు. నేను లేవబోతే, "చదివి వచ్చినాక ఏ మిల్లుకు పోతావు?" అన్నాడు.

"ఏ మిల్లులో పురి సరిగా ఉంటే ఆ మిల్లుకు."

కుక్క కూడా లేచి చూసేంత గట్టిగా నవ్వాడు.

తరువాత మిగిలింది కాచుకోవడమే. నాకు చేతకాని పని అదొక్కటే. ఫోన్ మోగితే నేనే ఎత్తాలి. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే నేనే గేటుకు పరుగెత్తాలి. స్కాట్లండు వాళ్ళు ఏప్రిల్‌లో లేదన్నారు, ఒక్క పేరాలో. ఇంగ్లండులోనే ఉన్న రెండో యూనివర్సిటీవాళ్ళు అసలు పలకలేదు. ఒక సాయంత్రం తాత, పక్కనే సేత్తూరులో ఎవరిదో ఇల్లు, అబ్బాయి డాక్టరు అని అవ్వతో అనడం విన్నాను. మొదటి యూనివర్సిటీ వాళ్ళు వసంతం అన్నారు. వాళ్ళ వసంతం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. మా ఊళ్ళో మాత్రం అప్పటికే మామిడికాయలు పండడం మొదలుపెట్టాయి.

తంతి వచ్చిన రోజు నేను ఫోన్ పక్కన లేను. టెస్టింగ్ రూములో యంత్రానికి నూలు కడుతున్నాను. పోస్టాఫీసువాళ్ళు మిల్లుకు ఫోన్ చేసి దాన్ని చదివి వినిపించారు. ఎత్తింది మామ. అద్దాల తలుపు అవతల ఆయన ఏదో కాయితం మీద ఒక్కో అక్షరం రాసుకోవడం కనిపించింది. వచ్చి నా బల్ల మీద ఆ కాయితం పెట్టాడు.

"ఏదో వచ్చింది. చూడు."

ఆయన మొహం చూస్తే ఎవరో పోయారనుకున్నాను. కాయితం మీద ఉన్నది ఒక్క వరస. సీటు ఖాయం, అక్టోబరుకు రండి, ఉత్తరం వెనక వస్తోంది.

నేను అరుస్తానని, గెంతుతానని మామ అనుకుని ఉంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. పక్కనున్న దూది మూట మీద కూర్చున్నాను. యంత్రం మీద కట్టిన నూలు ఇంకా సాగుతూనే ఉంది. అది తెగేదాకా చూస్తూ కూర్చున్నాను. మంచి నూలు. చాలాసేపు తెగలేదు.

ఫోన్ చెయ్యాలని కూడా తోచలేదు. మామే మద్రాసుకు కాల్ బుక్ చేసి నాన్నతో మాట్లాడాడు. ఆయన మాటలు నాకు వినబడుతున్నాయి.

"ఏదో ఇచ్చినారు బావా. ఏమి చూసి ఇచ్చినారో తెలీదు. కోపం ఎక్కువ అని నేను ముందే రాసి పెట్టినాను. మన తప్పు ఏమీ లేదు." అంటూనే రెండో చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఊరంతా తెలిసిపోయింది. ఎక్స్ఛేంజీ మనిషి ఎవరికి చెప్పాడో ఎవరికి చెప్పలేదో తెలియదు. ఎదురింటి అత్త వాకిట్లోనే పట్టుకుని, "శీమకు పోతున్నావంట కదా, పెద్ద చదువంట కదా" అంది. నోరు తెరిచాను. అందులోంచి వచ్చిన మాటలు నావే అని నమ్మడానికి కొంచెం సమయం పట్టింది.

"ఏదో ఒక చదువు అత్తా. ఎవరూ రాలేదేమో, సీటు మిగిలి ఉంటుంది."

అవ్వ వంటింట్లోంచి తొంగి చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి వారం తాత తోటనుంచి మొదటి కోత వచ్చింది. ఒక బుట్ట ఏరి, ఆకులు పరిచి, డ్రైవరును పిలిచి పక్కమిల్లు పెద్దాయన ఇంటికి పంపాడు. అంతదాకా ఈ ఇంటినుంచి ఆ ఇంటికి పెళ్ళి పత్రిక తప్ప ఏదీ వెళ్ళలేదు. "ఏమి చెప్పమంటారు?" అన్నాడు డ్రైవరు. "పులుపు అని చెప్పు. పశువులకైనా పెట్టుకోమను" అన్నాడు తాత.

ఆ సాయంత్రం నేను మద్రాసుకు కాల్ బుక్ చేసి, లైను కోసం కాచుకుని నిలబడ్డాను. అమ్మకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, స్వెట్టర్ల గురించి, పెట్టె గురించి. ఫోన్ మోగింది. ఎత్తితే మద్రాసు కాదు, పెద్దాయన. "మీ తాత ఉన్నాడా?" అన్నాడు.

నేను తాత వైపు చూశాను. ఫోన్‌లో ఎవరున్నారో నోటితో చెప్పలేదు. రిసీవరు చాపాను. తాత అవ్వ వైపు చూశాడు.

"ఫోన్ మాట మాట కాదు" అంది అవ్వ, తలెత్తకుండానే.

తాత లేచి వచ్చి రిసీవరు తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. "పులుపేనా?" అన్నాడు. అటుపక్కనుంచి ఏదో వినబడింది. "చెప్పినాను కదా" అన్నాడు తాత. అక్కడి ఊయల బల్ల కిర్రుమంటున్న చప్పుడు నాకు కూడా వినబడింది. తాత తీగ ఈడ్చుకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. "అవును, పోతుంది, అక్టోబరులో. ఏదో పోతుంది" అన్నాడు. "కోపమా? అది మా ఇంటిది కాదు, మద్రాసుది."

నాకు మద్రాసు లైను వచ్చే వేళ అవుతోంది. రిసీవరు ఇమ్మని చెయ్యి చాపాను. తాత నా చేతిని చూశాడు, పక్కకు తిరిగి కూర్చున్నాడు, ఇవ్వలేదు.